మూడో పట్టా

మా ఇంటికి మొదటిసారి వచ్చిన తెలుగువాళ్ళు మేడ మీది గదిలోకి తొంగి చూసి అడిగే ప్రశ్నలు మూడు. మొదటిది, "పిల్లాడి కోసమా?" కాదండీ, నా కోసమే. రెండోది, "ఎంతయిందేంటి?" దీనికి మా ఆవిడ ఎదురుగా ఉండగా జవాబు చెప్పను. మూడో ప్రశ్న ఏ ఏడాదికో ఒకరు అడుగుతారు. ఆమధ్య సంక్రాంతికి భోజనానికొచ్చిన ఒకాయన, ఎలక్ట్రికల్ ఇంజనీరు, బల్ల మీదికి వంగి, "అసలు రైలుకి రెండే గదా పట్టాలు, మధ్యలో ఈ మూడోది దేనికి?" అన్నాడు. ఆ పూట ఆయన విస్తట్లో గారెలు రెండు ఎక్కువ పడ్డాయి.

ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు చెబుతూ చెబుతూ దారి తప్పి మా నాయన దగ్గరికి వెళ్ళిపోయాను. ఇక్కడా అదే జరిగితే ఏమీ అనుకోకండి.

మా గదిలో ఉన్నవి లయొనెల్ కంపెనీ బొమ్మ రైళ్ళు. ఎక్కువ భాగం 1940ల్లో, 50ల్లో చేసినవి. జాషువా లయొనెల్ కోవెన్ అనే ఇరవై మూడేళ్ళ కుర్రాడు 1900లో న్యూయార్కులో పెట్టిన కంపెనీ అది. ఆయన మొదట చేసింది బొమ్మ కాదు. దుకాణం కిటికీలో సరుకుని ఊరేగించడానికి ఓ చెక్క పెట్టెకి కింద చిన్న మోటారు తగిలించి పట్టాల మీద తిప్పాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు గానీ, పెట్టెలో సరుకు సంగతి వదిలేసి బండి ధరెంత అని అడిగారట. అంగడివాడు మర్నాడే మళ్ళీ వచ్చి ఇంకొన్ని కావాలన్నాడు. అంతే, ప్రకటన బండి కాస్తా బొమ్మ బండి అయిపోయింది.

అప్పటికే జర్మనీలో మార్క్‌లిన్ వారు 1891లో లీప్‌జిగ్ సంతలో బొమ్మ రైలు పట్టాలకి నంబర్ల వారీగా కొలతలు పెట్టి, ముక్కలు కొనుక్కుని ఎవరికి కావలసినంత దారి వాళ్ళు వేసుకునే పద్ధతి తెచ్చారు. కోవెన్ 1906లో వీటిలో దేనికీ సరిపోని రెండుంపాతిక అంగుళాలకి కాస్త తక్కువ వెడల్పుతో పట్టా చేసి, దానికి "స్టాండర్డ్ గేజ్" అని పేరు పెట్టేశాడు. సొంతంగా ఒక కొలత కనిపెట్టి దానికే ప్రమాణమని పేరు పెట్టే విద్య మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కొత్తేమీ కాదు లెండి. ఆ పట్టాకే మధ్యలో మూడోది వచ్చింది. తరవాత చిన్న ఓ గేజ్ వచ్చినా ఆ మూడోది మాత్రం పోలేదు.

దాని పని ఇది. రెండు పట్టాల బొమ్మ రైలులో ఒక పట్టా నుంచి కరెంటు వస్తుంది, రెండో పట్టా మీదుగా తిరిగి పోతుంది. బండి తిన్నగా పోయినంతసేపూ బాగానే ఉంటుంది. కానీ దారిని లూపుగా తిప్పి బండి వచ్చిన దారినే వెనక్కి పంపాలంటే, చుట్టు తిరిగొచ్చేసరికి ఎడమ పట్టా వెళ్ళి కుడి పట్టాకి తగులుతుంది. షార్ట్ సర్క్యూట్! ఎనిమిదేళ్ళ పిల్లాడికి క్రిస్మస్ రోజు పొద్దున్నే ఇది వివరించడం కష్టం. మూడు పట్టాల్లో ఆ గొడవ లేదు. మధ్య పట్టా నుంచి ఇంజను కింది రోలరు కరెంటు తీసుకుంటుంది, చక్రాల మీదుగా బయటి రెండింటిలోకీ వదిలేస్తుంది. బయటివి రెండూ ఒకటే కాబట్టి ఎటు తిప్పి ఎలా కలిపినా తంటా లేదు. చూడ్డానికి అసలు రైల్లా ఉండదు నిజమే. అసలు రైల్లా ఉండటం కంటే పిల్లాడి చేతిలో ఆగిపోకుండా ఉండటం ముఖ్యమని కోవెన్ నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

ఇక మా ఊరి సంగతి. చాండ్లర్‌కి రైలుందా అంటే పట్టాలున్నాయి, సరుకు బండ్లున్నాయి, ఎక్కడానికి బండి లేదు. పశువుల డాక్టరు ఏ.జె. చాండ్లర్ 1912లో వేసిన ఊరు ఇది. పత్తి, అల్ఫాల్ఫా గడ్డి పండిన నేలలో 1980 నుంచి ఇంటెల్ వారి చిప్పులు పండుతున్నాయి, వాటి వెనకాలే మనవాళ్ళూ వచ్చాం. నేను 1999లో వచ్చేసరికి పక్కనున్న ఫీనిక్స్ నుంచి ప్రయాణికుల బండి కూడా వెళ్ళిపోయి మూడేళ్ళయింది. 1996 జూన్‌లో ఆమ్‌ట్రాక్ వారి సన్‌సెట్ లిమిటెడ్‌ని దక్షిణపు దారికి మళ్ళించేశారు. ఇప్పటికీ రైలెక్కాలంటే మారికోపాకి కారు వేసుకుని పోవాలి. నంద్యాలలో రైలు కూత వింటూ పెరిగినవాడికి ఇదో వింత. బహుశా అందుకే అనుకుంటాను, వచ్చిన కొత్తలో శనివారం అయితే చాలు ఇక్కడి అరిజోనా రైల్వే మ్యూజియం చుట్టూ తిరిగేవాణ్ణి.

నా మొదటి బండి 2004లో ఓ పాత ఇంటి సామాను అమ్మకంలో దొరికింది. ఇంటి యజమాని పోయాడు, ఆయన భార్య ఎనభై దాటిన మనిషి, వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పడగ్గది అలమారులో నారింజా నీలం రంగుల అట్టపెట్టెలు. ఒకదాంట్లో 2025 నంబరు ఆవిరి ఇంజను, ఒకదాంట్లో పాలబండి, ఒకదాంట్లో గేటుమాన్ గుడిసె. 1947 క్రిస్మస్‌కి వాళ్ళాయన యుద్ధం నుంచి తిరిగొచ్చిన తరవాత కొన్నాడట, ఒహాయోలో, తన తమ్ముడి కోసం. తమ్ముడు పెద్దయ్యాక వద్దన్నాడు, ఈయన దాచుకున్నాడు. ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "అద్దాల బీరువాలో పెడతావా, నడుపుతావా?" నడుపుతానన్నాను. చెప్పిన ధరలో ఇరవై డాలర్లు తగ్గించింది.

ఆ ప్రశ్న అంత తేలికైనది కాదని తరవాత తెలిసింది. ఈ లోకంలో రెండు మతాలున్నాయి, దాచేవాళ్ళూ, నడిపేవాళ్ళూ. 1954లో పెన్సిల్వేనియాలో మొదలైన ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ అనే సంఘం ఉంది, దానికి మా ఎడారిలోనూ శాఖ ఉంది. వాళ్ళు బండి స్థితిని బట్టి తరగతులు ఏర్పరిచారు. రంగు చెక్కు చెదరకపోతే ఒక ధర, గీత పడితే ఒకటి, అట్టపెట్టె కూడా ఉంటే ఇంకొకటి. మళ్ళీ రంగేశారో, మెరుస్తుంది గానీ విలువ పోతుంది. ఖాళీ అట్టపెట్టెనే బండితో సమానంగా అమ్మిన సందర్భాలు నేనే చూశాను. మా అమ్మకి చెబితే "పప్పు పారేసి పొట్టు దాచుకుంటారా" అంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, దాచినవాళ్ళు లేకపోతే నడపడానికి నాకేమీ మిగిలేది కాదు. ముఖ్యంగా ఇక్కడ. అరిజోనా ఇళ్ళకి బేస్‌మెంట్ ఉండదు, గరాజ్‌లో వేసవిలో అప్పడాలు ఎండుతాయి. ఆయన ఆ పెట్టెల్ని గరాజ్‌లో కాకుండా పడగ్గదిలో పెట్టబట్టి ప్లాస్టిక్ పెంకులు వంకర్లు పోకుండా ఉన్నాయి.

పొడి గాలి మటుకు ఒక మేలు చేస్తుంది. 1920, 30ల నాటి బొమ్మ రైళ్ళకి జింకు చీడ అని ఒక జబ్బు ఉంది. పోత పోసిన జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినం కొద్దిగా కలిసినా, ఏళ్ళ తరబడి లోపల్లోపల పగిలి, ఉబ్బి, చివరికి పాత బిస్కట్టులా పొడైపోతుంది. మందు లేదు. చెమ్మ ఉన్న ఊళ్ళలో త్వరగా ముదురుతుంది. యుద్ధం తరవాతి పోతలు శుభ్రమైనవి కాబట్టి నా 1947 ఇంజనుకి ఆ భయం లేదు.

దానికి కావలసిన వైద్యం వేరు. లోపలి తీగల పైతొడుగు ఎండి పెళుసై రాలిపోతుంది, మార్చుకోవాలి. మోటారు వెనక మూత విప్పి కార్బన్ బ్రష్షులు తీసి, కమ్యుటేటర్ మీది నల్లటి మసి స్పిరిటుతో తుడవాలి. ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె. రెండు చుక్కలు వేస్తే అది పట్టాల మీదికి పాకి చక్రాలు జారతాయి. లోపల ఈ-యూనిట్ అని ఒక చిన్న డోలు లాంటి స్విచ్చి ఉంటుంది. కరెంటు తీసి ఇచ్చిన ప్రతిసారీ ముందుకి, ఆగు, వెనక్కి, ఆగు అని వంతులవారీగా మారుతుంది. ఆగి ఉన్నప్పుడు కందిరీగలా రొద పెడుతుంది. టెండర్లో కూత కోసం చిన్న పంకా. పట్టాల్లో పారేది ఏసీ అయితే, కూత మీట నొక్కినప్పుడు దానికి కాస్త డీసీ కలుస్తుంది. టెండర్లోని రిలే ఆ డీసీకి మాత్రమే పలికి పంకాని తిప్పుతుంది. ఒకే తీగలో నడకా కూతా రెండూ పంపించాడన్నమాట, 1930ల్లోనే! పొగ మాత్రం 1946లో వచ్చింది. మొదట బల్బు వేడికి మాత్ర కరిగి పొగ వచ్చేది, మరుసటేటి నుంచి తీగచుట్ట పెట్టారు. పొగ, నూనె, మోటారు దగ్గర మెరుపుల వాసన, మూడూ కలిసిన వాసన ఒకటుంది. మా ఆవిడ కిటికీ తెరుస్తుంది, నేను మూస్తాను.

అన్నట్టు, కంపెనీ వైభవం ఎంతో కాలం సాగలేదు. 1950ల మొదట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద బొమ్మల కంపెనీ మాదేనని చెప్పుకున్నారు. జనం రైలు దిగి కార్లూ విమానాలూ ఎక్కుతుంటే పిల్లలూ అటే చూశారు. ఆడపిల్లల కోసమని 1957లో గులాబి రంగు ఇంజనుతో ఒక సెట్టు చేశారు. ఆడపిల్లలకి రైలు ఇష్టమైతే అసలు రైలు రంగే కావాలని వీళ్ళకి తట్టలేదు, అది అమ్ముడుపోలేదు. అప్పుడు ఎవరూ కొనలేదు కాబట్టే ఇప్పుడు దొరకదు, దొరకదు కాబట్టి ఖరీదు. 1959లో కోవెన్ తన వాటా అమ్ముకున్నాడు. 1969కల్లా రైళ్ళు తయారుచేసే హక్కు పొద్దున్నే పాలల్లో వేసుకునే సీరియల్ కంపెనీ జనరల్ మిల్స్ చేతికి పోయింది.

ఇక్కడే మా నాయన వస్తాడు.

ఆయన గుంటూరు-గుంతకల్లు మీటర్ గేజ్ లైన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. ఉద్యోగమంతా నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య నల్లమల అడవిలో, ఆ చుట్టుపక్కల చిన్న స్టేషన్లలో గడిచింది. 1880ల్లో సదరన్ మరాఠా రైల్వే వారు కొండలు తొలిచి వేసిన దారి అది. బొగద సొరంగం, లోయ మీద దొరబావి వంతెన. గాజులపల్లె దాటాక కిటికీ పక్క సీటు కోసం మా అన్నదమ్ములం కొట్టుకునేవాళ్ళం. మాకు బొమ్మ రైలంటే అగ్గిపెట్టెలకి దారం కట్టి, చొక్కా గుండీలు చక్రాలుగా పెట్టుకున్నదే. తిరనాళ్ళలో కీ ఇచ్చే రేకు రైలు ఉండేది, కొనిపెట్టమంటే నాయన "రోజూ జూసేది చాల్లేదా?" అనేవాడు.

2009 మార్చిలో అమ్మా నాయనా మొదటిసారి చాండ్లర్ వచ్చారు. రైలు గదే మా అతిథుల గది కూడా. బల్ల తీసేస్తానంటే నాయన ఒప్పుకోలేదు, దాని పక్కనే కార్పెట్ మీద పరుపు వేయించుకున్నాడు. మొదటి రోజు సాయంత్రం ఎంతో గొప్పగా బండి వదిలాను. పొగ, కూత, వంతెన, సొరంగం. బండి దగ్గరకి రాగానే గేటుమాన్ గుడిసె తలుపు తెరుచుకుని లాంతరు ఊపుతూ మనిషి బయటికి వస్తాడు, బండి వెళ్ళిపోగానే లోపలికి పోతాడు, తలుపు మూసుకుంటుంది. 1935 నుంచీ లయొనెల్ వారు అమ్మిన బొమ్మల్లో జనం ముచ్చటపడి కొన్నది ఈ గేటుమాన్నే. ఊరి చివర గుడిసెలో ఒంటరిగా కూర్చుని బండి వచ్చినప్పుడల్లా లాంతరు ఊపే చిన్న జీతగాడు. ఈ బొమ్మల లోకంలో డ్రైవరు కనబడడు, గార్డు కనబడడు, స్టేషన్ మాస్టరు లేడు. నిజంగా పని చేసేది పాలబండివాడూ గేటుమానూ ఇద్దరే.

నాయన మూడు చుట్లు చూశాడు. గేటుమాన్‌ని చూసి నవ్వాడు. ఎలా తెలుస్తుంది వీడికి అన్నాడు. బయటి పట్టాల్లో ఒకదాని ముక్కని మిగతా పట్టా నుంచి విడదీసి పెట్టాను, బండి చక్రాలు ఆ ముక్కనీ అవతలి పట్టానీ కలపగానే సర్క్యూట్ పూర్తవుతుందని చెప్పాను. "ఓ, ట్రాక్ సర్క్యూటా" అన్నాడు తేలిగ్గా. 1872లో విలియం రాబిన్‌సన్ అనే అమెరికన్ కనిపెట్టిన కిటుకు, పెద్ద స్టేషన్ల సిగ్నళ్ళన్నీ దాని మీదే నడుస్తాయి. మూడో పట్టా ఉండబట్టే అది మా బల్ల మీద ఇంత సులువు. ఆయనకి వివరించాలని నేను పొద్దుట్నుంచీ తయారుచేసుకున్న ఉపన్యాసం అలా గాలికి పోయింది.

తరవాత రెండో బండి కూడా పెట్టాను. ఎదురెదురుగా రెండు బండ్లు, మధ్యలో ఒకే లైను, ఒకటి స్టేషన్లో ఆగితే రెండోది పోవాలి. మీట తిప్పబోతుంటే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"టోకెన్ యాడ్రా?"

టోకెన్ సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒక బండే ఉండాలి. అందుకని రెండు స్టేషన్లలోనూ తీగతో ముడిపడిన రెండు యంత్రాలు, వాటిలో ఇనుప బంతులు ఉంటాయి. నీల్స్ బాల్ టోకెన్ అంటారు. ఈ స్టేషన్ మాస్టరు గంట కొట్టి అడగాలి, అవతలాయన సరేనని మీట తిప్పాలి, అప్పుడే ఇక్కడ ఒక బంతి బయటికి వస్తుంది. అది బయట ఉన్నంతసేపూ రెండు యంత్రాల్లో దేన్నించీ ఇంకోటి రాదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, పెద్ద బెత్తపు చుట్టకి కట్టి డ్రైవరుకి అందిస్తారు. అది చేతిలో లేకుండా ఏ డ్రైవరూ బండి కదిలించడు. ఆగని బండి అయితే ఇంజను వాళ్ళు పాత చుట్టని కిందికి విసిరేసి, ప్లాట్‌ఫారం మీద చేయి చాపి నిలబడ్డ మనిషి నుంచి కొత్త చుట్టని చేత్తో దొరకబుచ్చుకుంటారు. రాత్రిపూట కాగడా వెలుగులో ఇది చూడాలి మీరు.

"బొమ్మే గద నాయనా" అన్నాను. "బొమ్మైతే ఏంది, గుద్దుకోవా?" అన్నాడు. మర్నాడు హోమ్ డిపోకి తీసుకెళ్ళమన్నాడు. సన్న తీగ కొని చుట్ట చేశాడు. నా పాత బెల్టు కోసి సంచి కుట్టాడు. మా వాడి గోలీల్లోంచి ఒక ఆకుపచ్చది ఏరి అందులో వేశాడు. మా వాడికప్పుడు ఐదేళ్ళు. ఉన్న మూడు నెలలూ మనవడు డ్రైవరు, తాత స్టేషన్ మాస్టరు, నేను కరెంటిచ్చేవాణ్ణి. గోలీ చేతికి రాకుండా మీట ముట్టుకుంటే ఇద్దరూ నా మీద అరిచేవాళ్ళు. జేజి మాత్రం, "ముప్పై ఆరేండ్లు జేసింది చాలక ఈడిగ్గూడా డూటీ ఏసుకొనొచ్చినాడు" అని నవ్వేది.

ఒక శనివారం ఆయన్ని టంబుల్‌వీడ్ పార్కులో ఉన్న రైల్వే మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడి పెద్ద దిక్కు సదరన్ పసిఫిక్ వారి 2562 నంబరు ఇంజను. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక ఎనిమిది పెద్ద చక్రాలు. ఫిలడెల్ఫియాలోని బాల్డ్విన్ కంపెనీ 1906లో చేసింది. సరిగ్గా ఆ 2009లోనే దాన్ని దేశపు చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, బాల్డ్విన్ పేరు వినగానే, "మన వైపీకి మేనత్త గదరా ఇది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి చదివాను. బాల్డ్విన్ వారు 1947లో ఇండియాకి 16 డబ్ల్యూపీ ఇంజన్లు చేసి పంపారు, ముందు బుల్లెట్ లాంటి ముక్కుతో. వాటిలో మొదటిది, 7200 నంబరుది, షాహీన్ అని పేరు పెట్టింది, ఇంకా ఉంది. మీటర్ గేజ్ మీద నాయన లాంతరు చూపించిన వైపీ తరగతిలో తొలి ఇంజన్లు కూడా 1949లో అక్కడి నుంచే వచ్చాయి, తరవాత టెల్కో వారు మనదేశంలోనే చేశారు. ఇంతకంటే నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటి. అమెరికాలో ఆవిరి ఇంజన్లు అడిగేవాళ్ళు లేకుండా పోయాక, 1955లో బాల్డ్విన్ ఆఖరుగా చేసిన 50 ఆవిరి ఇంజన్లు ఇండియాకే వచ్చాయి. మరుసటేడు ఆ కంపెనీ ఇంజన్లు చేయడమే మానేసింది. అంటే ఒహాయోలో ఆ తమ్ముడు నా 2025ని నడుపుతున్న రోజుల్లో అతని దేశంలో అసలు ఇంజను చచ్చిపోతోంది, మాకు కొత్తగా వస్తోంది. ఆయన ఇంటి అలమారులో దాచుకున్నది, మేము 1990ల దాకా పొగ పీలుస్తూ ఎక్కాం. బ్రాడ్ గేజ్ మీద చివరి ఆవిరి బండి 1995 డిసెంబరులో గానీ ఆగలేదు.

అయితే ఆ మా బండి బొమ్మ ఎక్కడా దొరకదు. అమెరికా వాళ్ళవీ ఇంగ్లీషు వాళ్ళవీ పాత కేటలాగులు చాలా తిరగేశాను. నల్లమల ఎక్కే వైపీ గానీ వైజీ గానీ ఏ పుటలోనూ కనబడలేదు. కొనగలిగిన పిల్లవాడి కిటికీ ముందు నుంచి ఏ బండి వెళ్ళిందో ఆ బండికే బొమ్మ తయారయింది. మనదేశంలో ఈ సరదా ఉన్నవాళ్ళు లేకపోలేదు, పుణెలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998లో తెరిచారు, వెళ్ళినప్పుడు గంటసేపు కదల్లేకపోయాను. అది పూర్తిగా వేరే కథ.

నేనే చేసుకుందామా అంటే కొలతలు కుదరవు. ఓ గేజ్ పట్టా వెడల్పు అంగుళంబాతిక, బండి కొలత అసలు దాంట్లో 48వ వంతు. గుణిస్తే సరిగ్గా ఐదడుగులు వస్తుంది. అమెరికా అసలు పట్టా నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలే! అంటే వాళ్ళ బండికే మూడున్నర అంగుళాలు తప్పు, వందేళ్ళుగా ఎవరికీ పట్టలేదు. మన బ్రాడ్ గేజ్ ఐదడుగుల ఆరంగుళాలు, దానికి ఈ పట్టా ఇరుకు. మన మీటర్ గేజ్‌కి 48వ వంతంటే 21 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, దానికి ఈ పట్టా బాగా వదులు. మన రెండు గేజ్‌లూ దీని మీద పట్టవు. ఎంత లెక్కేసినా అంతే.

1992లో యూనిగేజ్ ప్రాజెక్టు మొదలై, ఆ దశాబ్దంలోనే నాయన లైను బ్రాడ్ గేజ్ అయింది. కొండల్లో కొత్త దారి వేసి దొరబావి వంతెన మీది దారిని వదిలేశారు. మార్చి ఉండాల్సింది కాదని నేననను. గుంతకల్లులోనూ గుంటూరులోనూ మూటలన్నీ దింపి మరో బండికి ఎక్కించుకున్న రోజులు గుర్తున్నవాళ్ళెవరూ అలా అనరు. నాయన కూడా అనలేదు. అడిగితే, "మంచిదే గదా, బండి నేరుగా పోతాది" అన్నాడు. కాసేపాగి, టోకెన్ యంత్రాలు ఏం చేశారో మాత్రం తనకి తెలియదన్నాడు.

ఆ రాత్రే పరుపు మీద పడుకుని, బల్ల కింది నుంచి పట్టాల వైరింగు చూస్తూ ఒక కథ చెప్పాడు. అడవిలో ఓ చిన్న స్టేషను, పేరు చెప్పలేదు. జోరు వాన. ఆగకుండా పోయే బండి ఇంజను నుంచి విసిరిన చుట్ట చీకట్లో ఎక్కడో పడింది. చుట్ట దొరికింది, సంచి తెగిపోయింది, బంతి లేదు. బంతి తిరిగి యంత్రంలో పడందే ఇంకో బంతి రాదు, లైను బందు. అవతల ఒక ప్యాసింజరు నిలబడిపోయింది. కాయితం మీద లైన్ క్లియర్ రాసిచ్చి బండి పంపే పద్ధతి ఉంది, రాసిచ్చాడు, పంపాడు. కానీ బంతి పోయిందని రాసుకోవడం ఇష్టంలేక, పాయింట్స్‌మాన్ తనూ రెండు లాంతర్లు పట్టుకుని తెల్లారేదాకా తుప్పల్లో వెతికారట. ఎలుగుబంట్లు తిరిగే చోటు. తెల్లారి కాలవ పక్కన, ఉసిరిచెట్టు కింద దొరికింది.

"దొరక్కపోతే ఏమయ్యేది నాయనా?"

"ఏమయ్యేది, ఇంకోటిస్తారు. అది గాదు. మన చేతిలో నుండి పోయింది గదా."

2017లో ఆయన పోయాడు. నేను వెళ్ళేసరికి కార్యం అయిపోయింది. అల్మైరాలో ఆయన వస్తువులు చూస్తుంటే రైల్వేది అని చెప్పదగ్గది ఒక్కటీ లేదు. లాంతరు, జెండాలు, పుస్తకం, అన్నీ రిటైరైన రోజు లెక్కచూసి అప్పజెప్పి వచ్చాడట. రసీదు ఉంది.

ఇప్పుడీ పాత రైళ్ళకి కొనేవాళ్ళ కంటే అమ్మేవాళ్ళే ఎక్కువ. 1950ల పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, వాళ్ళ అలమారులు తెరుచుకుంటున్నాయి, ధరలు నేను కొన్నప్పటి కంటే తగ్గాయి. మా ఆవిడకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. మా వాడు టూసన్‌లో చదువుతున్నాడు. వాడికి రైళ్ళంటే ప్రత్యేకమైన పిచ్చేమీ లేదు. సెలవులకి వచ్చినప్పుడు ఓ గంట గదిలో కూర్చుంటాడు. వాడు మీట దగ్గర ఉంటే నేను స్టేషన్లో ఉంటాను. బెల్టు తోలు సంచి పగిలిపోతే ఒకసారి వాడే కుట్టాడు, ఎవరూ చెప్పకుండానే.

పోయిన ఆదివారం వాడు వెళ్ళాక గదిలోకి వెళ్ళి చూస్తే మేకుకి చుట్ట వేలాడుతోంది, సంచిలో గోలీ లేదు. బల్ల కింద, కార్పెట్ మూలల్లో, పరుపు వెనక వెతికాను. ఫోను చేస్తే జీన్స్ జేబులో ఉందన్నాడు. పర్లేదు, వేరే గోలీ వేసుకోవచ్చు గదా, డ్రాయర్లో డబ్బా నిండా ఉన్నాయి అన్నాడు.

వద్దు, శుక్రవారం నువ్వే తీసుకురా అన్నాను. 2025 స్టేషన్లోనే ఉంది.